కొలిమి తిత్తి నుంచి టర్బో కారు దాకా

చిన్నప్పుడు మా ఊరి కమ్మరి కొలిమి దగ్గర గంటల తరబడి కూర్చునేవాణ్ణి. బొగ్గులు ఊరికే మండుతున్నంతసేపు కర్రు వేడెక్కేది గాని వంగేది కాదు. తిత్తి నాలుగుసార్లు నొక్కగానే అవే బొగ్గులు తెల్లగా వెలిగేవి, అదే ఇనుము సుత్తి దెబ్బకు మైనంలా సాగేది. బొగ్గులు కొత్తగా వెయ్యలేదు. పెరిగింది గాలి ఒక్కటే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే టర్బో కారు సగం అర్థమైనట్టే. మిగతా సగం చెప్పడానికే ఈ వ్యాసం.

మన హాస్టల్లో కారు బొమ్మ లేని గోడ తక్కువ. "పాత కారు కొని టర్బో బిగిస్తే చాలు, రాకెట్టే" అనే మాట మెస్సులో రోజూ వింటూనే ఉంటాం. బిగిస్తే చాలదు మిత్రులారా! ఎందుకు చాలదో నాకు పుస్తకాల కంటే ముందు మా ట్రాక్టరు నేర్పింది. ఆ కథ దాని చోట చెబుతాను. ముందు లెక్కలు చూద్దాం.

గాలి లెక్క

ఇంజనుకు తిండి పెట్రోలే అని అందరం అనుకుంటాం. తూకం వేసి చూస్తే అది తినేది ఎక్కువగా గాలినే. ఒక కిలో పెట్రోలు సరిగ్గా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువ పొయ్యడం ఏమంత కష్టం కాదు. దానికి తగ్గ గాలిని సిలిండరులోకి ఎక్కించడమే కష్టం.

మూడు లీటర్ల ఇంజను ఒకటి తీసుకోండి. నాలుగు స్ట్రోకుల ఇంజను కనుక రెండు చుట్లకు ఒకసారి నిండుతుంది. అంటే చుట్టుకు 1.5 లీటర్ల గాలి. నిమిషానికి 6000 చుట్లు తిరిగితే 9000 లీటర్లు, అంటే 9 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. కాబట్టి నిమిషానికి దాదాపు 10.8 కిలోల గాలి. దానికి సరిపోయే పెట్రోలు 0.73 కిలోలు మాత్రమే. అంతకు మించి పోస్తే మండక నల్లపొగగా పోతుంది.

మరి శక్తి పెరగాలంటే దారులు మూడు. సిలిండర్లు పెద్దవి చెయ్యాలి, లేదా ఇంజనును ఇంకా వేగంగా తిప్పాలి, లేదా అదే సిలిండరులో గాలిని కుక్కాలి. మొదటి దారిలో బరువు పెరుగుతుంది. రెండో దారిలో పిస్టన్లూ కనెక్టింగ్ రాడ్లూ తట్టుకోవాలి. మూడోది కొలిమి తిత్తి దారి.

పొగతో తిరిగే తిత్తి

కొలిమి తిత్తిని మనిషి నొక్కాలి. టర్బోలో ఆ పని పొగ చేస్తుంది. పెట్రోలులోని వేడిలో ఇంచుమించు మూడో వంతు మాత్రమే చక్రాలకు పనికొస్తుంది. ఇంకో మూడో వంతు రేడియేటరు ద్వారా, మిగిలిన మూడో వంతు పొగగొట్టం ద్వారా గాలిపాలవుతుంది. ఆ పొగ దారిలో ఒక చిన్న చక్రం పెడితే తిరుగుతుంది. అదే టర్బైను. దాని ఇరుసుకు రెండో కొసన ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని పీల్చి, ఒత్తిడి పెంచి ఇంజనులోకి తోస్తుంది. అది కంప్రెసరు. ఈ రెండు చక్రాలూ ఒక ఇరుసూ కలిస్తే టర్బో.

ఈ చక్రాలు అరచేతిలో పడతాయి గాని వాటి వేగం సామాన్యం కాదు. కారు టర్బో నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు. 1,20,000 చుట్లు అనుకుందాం, అంటే సెకనుకు 2000. చక్రం వ్యాసం 6 సెంటీమీటర్లయితే దాని అంచు సెకనుకు 377 మీటర్లు పోతుంది. గాలిలో శబ్ద వేగం సుమారు 345 మీటర్లు. అంటే బానెట్టు కింద ఉన్న ఈ చిన్న చక్రం అంచు శబ్దాన్ని దాటి పరుగెడుతోందన్నమాట!

ఒత్తిడి హద్దు మీరితే ఇంజను పగులుతుంది. అందుకని వేస్ట్‌గేట్ అనే తలుపు పెడతారు. చెరువు నిండితే మిగులు నీరు అలుగు మీదుగా పోయినట్టు, ఒత్తిడి చాలినంత కాగానే మిగులు పొగ టర్బైనును తాకకుండా పక్క దారిన పోతుంది.

ఈ ఊహ నిన్న మొన్నటిది కాదు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు ఒక విమానం ఇంజనును 14,000 అడుగుల పైచిలుకు ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరం మీదికి మోయించి పరీక్షించాడు. కొండ మీద గాలి పలచన కనుక మామూలుగా ఇంజను బలం తగ్గిపోతుంది. టర్బో పెట్టగానే కింద ఉన్నప్పటి బలం తిరిగొచ్చింది. అమ్మకానికి వచ్చిన కార్లలో మొదటివి 1962 నాటి రెండు అమెరికా బండ్లు, షెవ్రొలే కోర్వేర్ మోంజా స్పైడర్, ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్. 1973లో జర్మనీలో బి.ఎమ్.డబ్ల్యు. 2002 టర్బో వచ్చింది. రెండు లీటర్ల ఇంజనుకు 170 అశ్వశక్తి. అదే ఏడు చమురు సంక్షోభం రావడంతో 1,672 బండ్లతోనే ఆగిపోయింది. 1977లో రెనో కంపెనీ 1.5 లీటర్ల టర్బో ఇంజనుతో ఫార్ములా వన్ పందెంలోకి దిగింది. మాటిమాటికీ తెల్లపొగ కక్కి ఆగిపోతుంటే జనం దాన్ని పసుపు టీ కెటిల్ అని ఎగతాళి చేశారు. రెండేళ్లకే, 1979లో, ఫ్రాన్సులోని డిజోన్‌లో అది గెలిచింది. తరువాత ఎగతాళి చేసినవాళ్లు కూడా టర్బోలే పెట్టుకున్నారు.

వేడి అనే పగవాడు

సైకిలు పంపు కొట్టినవాడికి తెలుసు, పంపు అడుగు కాలుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. వేడి గాలి పలచబడుతుంది. అంటే మనం ఒక చేత్తో కుక్కిందాన్ని వేడి ఇంకో చేత్తో లాగేసుకుంటుంది.

లెక్క వేద్దాం. బయటి గాలి 30 డిగ్రీలు, అంటే 303 కెల్విన్. ఒత్తిడి రెండింతలు చేశాం. మన థర్మోడైనమిక్స్ పాఠంలోని ఎడయాబాటిక్ సూత్రం ప్రకారం 303ని 2 యొక్క 0.286 ఘాతంతో, అంటే 1.22తో గుణించాలి. సుమారు 369 కెల్విన్ వస్తుంది. పెరుగుదల 66 డిగ్రీలు. కాని కంప్రెసరు నూటికి నూరుపాళ్లు సమర్థం కాదు. 70 శాతం అనుకుంటే పెరుగుదల 95 డిగ్రీలవుతుంది. అంటే గాలి 125 డిగ్రీలతో, 398 కెల్విన్‌తో బయటికొస్తుంది. ఇప్పుడు సాంద్రత ఎన్ని రెట్లు? 2 × 303 ÷ 398 = 1.52. ఒత్తిడి రెండింతలైనా గాలి ఒకటిన్నర రెట్లే!

ఈ గాలిని ఇంజనుకు పోయే ముందు ఇంటర్‌కూలరు అనే రేడియేటరులో చల్లార్చి 50 డిగ్రీలకు దించితే? 2 × 303 ÷ 323 = 1.88. దారిలో కాస్త ఒత్తిడి పోతుంది, అయినా లాభమే. కారు ముందు భాగంలో కనబడే ఆ వెడల్పాటి అల్యూమినియం పెట్టె అందం కోసం పెట్టింది కాదని ఇప్పుడు తెలిసింది కదా.

వేడి వల్ల రెండో ముప్పు నాకింగు. స్పార్కు దగ్గర అంటుకున్న మంట సిలిండరు అంతా వరసగా పాకాలి. గాలి, పెట్రోలు మరీ వేడెక్కితే మంట అందకముందే ఒక మూల తనంతట తానే భగ్గుమంటుంది. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు వస్తుంది. అది అలాగే సాగితే పిస్టను కరిగి చిల్లుపడుతుంది. జెట్‌ఫైర్ కారులో దీన్ని ఆపడానికి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిమ్మే ఏర్పాటు చేశారు. ఆ డబ్బా ఖాళీ అయితే టర్బో ఒత్తిడి తగ్గిపోయేది. చాలామంది దాన్ని నింపడం మరిచిపోయేవారు. చివరికి కంపెనీయే చాలా బండ్లకు టర్బో తీసేసి మామూలు కార్బురేటరు బిగించి ఇచ్చింది. యంత్రం ఎంత గొప్పదైనా వాడేవాడి అలవాటుతో దానికి పొత్తు కుదరాలి.

ఒక కారును కూడదీద్దాం

టర్బో ప్రియులు ఇప్పటికీ తలుచుకునే జపాను కారు టొయోటా సుప్రా. 1993 నుంచి 2002 దాకా తయారైన రకం. 2001లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో నారింజ రంగు సుప్రా చూసి పిచ్చెక్కినవాళ్లు మన అన్నల తరంలో బోలెడు మంది. దాని ఇంజను పేరు 2జేజెడ్-జీటీఈ. ఆరు సిలిండర్లు ఒకే వరస, 2997 సి.సి., బోరు 86 మిల్లీమీటర్లు, స్ట్రోకూ 86 మిల్లీమీటర్లే. బ్లాకు పోత ఇనుముది. క్రాంకును ఏడు బేరింగులు మోస్తాయి. జపానులో దీని శక్తి 280 అని చెప్పేవారు. దీన్ని 500 అశ్వశక్తికి పెంచాలంటే ఏమేం చెయ్యాలి?

మొదట ఇంజను ఆరోగ్యం చూడాలి. ఆరు సిలిండర్లలో కంప్రెషన్ కొలవాలి. ఒకటి తగ్గినా పని అక్కడే ఆపాలి. నీరసపడ్డ ఎద్దుకు రెండో కాడి కట్టం కదా.

రెండోది టర్బో ఎంపిక. కంపెనీ వాళ్లు రెండు చిన్న టర్బోలు పెట్టారు. తక్కువ వేగంలో ఒకటే పనిచేస్తుంది, వేగం పెరిగాక రెండోది కలుస్తుంది. మార్చేవాళ్లు రెండూ తీసి ఒక పెద్దది పెడతారు. పెద్ద చక్రం ఎక్కువ గాలి తోస్తుంది గాని తిరగడం మొదలుపెట్టడానికి ఆలస్యం చేస్తుంది. దాన్నే టర్బో లాగ్ అంటారు. యాక్సిలరేటరు తొక్కాక కారు ఒక క్షణం ఆలోచించి ఆ తరువాత లంఘిస్తుంది. మలుపు మధ్యలో ఇది ప్రమాదం. అందుచేత అన్నిటికన్నా పెద్ద టర్బో అన్నిటికన్నా మంచిది కాదు. తను నడిపే వేగానికి తగినదే మంచిది.

మూడోది పెట్రోలు. టర్బో ఇంజను ఒక అశ్వశక్తికి గంటకు సుమారు 0.27 కిలోల పెట్రోలు తాగుతుంది. 500కు గంటకు 135 కిలోలు, నిమిషానికి 2.25 కిలోలు, అంటే సుమారు 3 లీటర్లు. ఆరు ఇంజెక్టర్లకు పంచితే ఒక్కోటి నిమిషానికి 500 సి.సి. చిమ్మాలి. ఏ ఇంజెక్టరునీ నూరు శాతం తెరిచి నడపకూడదు, 80 శాతమే హద్దు. కాబట్టి 625 సి.సి. రకం కావాలి. జపాను బండికి వచ్చేవి 440 సి.సి. రకం. ఇవి మార్చకుండా గాలి మాత్రమే పెంచితే పెట్రోలు చాలక మిశ్రమం పలచబడుతుంది, వేడి పెరుగుతుంది, నాకింగు వస్తుంది, పిస్టను పోతుంది. "టర్బో బిగిస్తే చాలు" అనేవాళ్ల కార్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి.

నాలుగోది ట్యూనింగు. ఇంజను కంప్యూటరుకు కొత్త లెక్కలు నేర్పాలి. డైనమోమీటరు మీద కారును కట్టేసి, పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో చూస్తూ, తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచాలి. నిండు బరువు మీద గాలి, పెట్రోలు నిష్పత్తిని 14.7 దగ్గర ఉంచరు, 12 దగ్గరకు తెస్తారు. ఎక్కువైన పెట్రోలు మంటను కాస్త చల్లబరుస్తుంది. స్పార్కు కూడా కొద్దిగా ఆలస్యం చేస్తారు. ఓపిక లేనివాడు ఈ పనికి పనికిరాడు.

ఐదోది ఆగడం. పని మొదలుపెట్టేవాళ్లు దీన్ని అన్నిటికంటే ఆఖరున పెడతారు, పెట్టాల్సింది మొదట. 1500 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని గతిజ శక్తి సుమారు 5.8 లక్షల జౌళ్లు. 200లో ఉంటే రెట్టింపు కాదు, నాలుగింతలు, సుమారు 23 లక్షలు. ఎనిమిది లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగించడానికి కావలసినంత వేడి అది. కొద్ది సెకన్లలో అంతా దాదాపు నాలుగు బ్రేకు డిస్కుల్లోకే పోవాలి. బ్రేకులు, టైర్లు, క్లచ్చి మార్చకుండా ఇంజను మాత్రమే పెంచిన కారు తాడు లేని కోడె వంటిది.

మా ట్రాక్టరు కథ

ఇప్పుడు నా సంగతి. మాది డెల్టా వ్యవసాయం. వరి కోత కాగానే మినుములు చల్లుతాం. నాన్నా బాబాయీ కలిసి పాత టర్బో ట్రాక్టరు ఒకటి కొన్నారు. ఇంటర్ సెలవుల్లో నేనే నడిపేవాణ్ణి. రోటవేటరుతో గంటలకొద్దీ నిండు బరువు మీద నడిపి, గట్టు ఎక్కగానే టక్కున ఆపేసేవాణ్ణి. డీజిలు ఆదా చేస్తున్నానని నా గొప్ప.

ఆ మరుసటి ఏడు బండి ఈల వెయ్యడం మొదలుపెట్టింది. తరువాత నీలం పొగ, ఆపైన బలం లేదు. మెకానిక్కు టర్బో విప్పి ఇరుసు పట్టుకుని ఊపాడు. లొటలొటలాడింది. లోపల ఆయిలు కాలి బొగ్గయి గట్టిగా అంటుకుని ఉంది. "వేడి మీద ఉన్నపళంగా ఆపుతున్నారా? ఆయిలు వేళకి మారుస్తున్నారా?" అని అడిగాడు. నాన్న "అన్నీ సరిగ్గానే చేస్తున్నాం బాబూ" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు. ఆ ఏడు మినుముల డబ్బు సగం ఆ టర్బోకే పోయింది. దారి పొడుగునా నాన్న ఆ బండి అమ్మినవాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాడు.

కారణం డిగ్రీలో చేరాక, లైబ్రరీలో చదివితే అర్థమైంది. టర్బో ఇరుసు మామూలుగా బాల్ బేరింగుల మీద ఉండదు, పలుచని ఆయిలు పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిలును తోసేది ఇంజను. ఇంజను ఆపితే ఆయిలు ప్రవాహం ఆగుతుంది. కాని చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, కాగిన టర్బైను వేడి ఇరుసు మీదికి పాకుతుంది. నిలిచిపోయిన ఆయిలు అక్కడే మాడి బొగ్గవుతుంది. పెట్రోలు కారులో పొగ వేడి 900 డిగ్రీల దాకా ఉండొచ్చు కనుక ముప్పు ఇంకా ఎక్కువ. ఇప్పటి చాలా కార్లలో బేరింగు చుట్టూ నీళ్లు తిప్పి దీన్ని తగ్గించారు. అయినా గట్టిగా నడిపిన తరువాత ఒకటి రెండు నిమిషాలు ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి ఆపడం మంచి అలవాటు. చల్లటి ఇంజను స్టార్టు చెయ్యగానే యాక్సిలరేటరు తొక్కకపోవడం దానికి జోడు అలవాటు.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు నాన్నకు అంతా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "ఆయిలు మార్చకుండా ఒక పంటకాలం సాగదీసింది నేనేలేరా" అన్నాడు. తప్పు ఇద్దరిదీ. ఇన్నాళ్లూ తిట్లు మాత్రం ఇంకొకడు తిన్నాడు.

కడగడం కూడా పరీక్షే

కారు తయారయ్యాక మెరుపు పెట్టడాన్ని డీటెయిలింగు అంటారు. ఇది షోకు అని నేనూ అనుకునేవాణ్ణి. కనుమ నాడు తాతయ్య ఎద్దుల్ని కడగడం గుర్తొచ్చాక అభిప్రాయం మార్చుకున్నాను. ఆయన చెయ్యి ఎద్దు ఒళ్లంతా తడిమేది. మెడ మీద కాడి రాపిడి, గిట్ట మధ్య ముల్లు, చెవిలో పిడుదు, అన్నీ ఆ కడగడంలోనే బయటపడేవి. బానెట్టు కింద శుభ్రంగా తుడిచిన ఇంజను మీద ఆయిలు చుక్క కారితే మర్నాడే కనిపిస్తుంది. మురికి ఇంజను మీద నెల రోజులైనా కనిపించదు.

రంగు సంగతికొస్తే, అది ఒక పొర కాదు. ప్రైమరు, రంగు, ఆ పైన పారదర్శకమైన క్లియర్ కోటు. ఆ పై పొర మందం సుమారు 40, 50 మైక్రాన్లు, మన తలవెంట్రుక కంటే పలుచన. పాలిషు పట్టడమంటే గీతల లోతు దాకా ఆ పొరను అరగదీయడమే. ఇష్టం వచ్చినట్టు పాలిషు పడితే కొన్నాళ్లకు పొరే మిగలదు. కడిగేటప్పుడు రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకటి సబ్బు నీళ్లకు, రెండోది గుడ్డలోని ఇసుక వదిలించడానికి. ఇసుక ఉన్న గుడ్డతో తుడవడమంటే ఉప్పుకాగితంతో తుడవడమే. ఎండలో, వేడి రేకు మీద కడగకూడదు. నీళ్లు అక్కడికక్కడే ఎండి మచ్చలు కడతాయి. ఆఖరున మైనం పూత పూస్తే పొర మీద పొర కాపలా.

చివరి మాట

మన దేశంలో ఇదంతా రోడ్డు మీద చెయ్యడం కుదరదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి వివరాలు తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా ఉండేట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. వేగం చూడాలనుకునేవారికి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనూ, కోయంబత్తూరు దగ్గరా పందెపు బాటలున్నాయి. ఊరి రోడ్డు మీద ధాన్యం ఆరబోసుకునేవాళ్లుంటారు, బడికి పోయే పిల్లలుంటారు.

కారు కొనే స్తోమతు నాకు లేదు, ఇప్పట్లో వస్తుందనీ అనుకోను. అయినా ఈ చదువు వృథా పోలేదు. సెకండియర్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన ఎడయాబాటిక్ సూత్రం ఈ టర్బో దగ్గర ప్రాణం పోసుకుంది. మన ఇళ్లల్లో ట్రాక్టర్లున్నాయి, వరికోత యంత్రాలున్నాయి, డీజిలు జీపులున్నాయి. చాలావాటిలో ఈ చిన్న చక్రమే తిరుగుతోంది. జూనియర్ మిత్రులు ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు బానెట్టు ఎత్తి అది ఎక్కడుందో చూడండి. ఆయిలు ఎప్పుడు మార్చారో నాన్నగారిని అడగండి. బండి ఆపే ముందు రెండు నిమిషాలు ఆగమని చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. మా నాన్న ఇప్పుడు గట్టెక్కాక ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటాడు. ఆ తుడుచుకోవడం అయ్యాకే బండి ఆపుతాడు.